డాక్టరు థియేటర్‌లో ఉన్నా ఆస్పత్రి నడవాలంటే: గోదావరి డెల్టా నర్సింగ్ హోముల్లో సిబ్బందితో పని ఎలా చేయించుకోవాలి

ఒక పూట ఓపీలో కూర్చున్నప్పుడు పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకోండి. సిబ్బంది వచ్చి మిమ్మల్ని అడిగే ప్రతి ప్రశ్నా దాని మీద రాయండి. జవాబు ఎప్పటిలాగే చెప్పండి, కానీ ప్రశ్న రాయడం మానకండి. "సార్, ఈయన పోయిన గురువారం చూపించుకున్నారంట, మళ్లీ ఓపీ రాయమంటారా?" "సార్, ఆరో బెడ్ వాళ్లు బిల్లు తగ్గించమని అడుగుతున్నారు." "సార్, జనరేటర్‌లో డీజిల్ అయిపోవచ్చింది." "సార్, ఆయమ్మ ఇవాళ రాలేదు, ఎవరికి ఫోన్ చేయమంటారు?" పూట గడిచేసరికి కాగితం రెండు వైపులా నిండిపోతుంది.

పాలకొల్లు, తణుకు, అమలాపురం, రాజోలు లాంటి ఊళ్లలో పది, ఇరవై, ముప్పై మంచాలతో నర్సింగ్ హోము పెట్టుకున్న డాక్టర్లు చాలామంది "మంచి స్టాఫ్ దొరకడం లేదండీ" అంటారు. అలాంటి ఆస్పత్రుల ఆఫీసు పని చూస్తూ వచ్చినవాడిగా నా అభిప్రాయం వేరు. ఉన్నవాళ్లలో చాలామంది మంచివాళ్లే. ఏ విషయం ఎవరు తేల్చవచ్చో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి అన్నీ డాక్టరు దగ్గరికే వస్తాయి. ఆయన సిజేరియన్‌లో ఉంటే కింద అంతా ఆగిపోతుంది. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క చిక్కు విప్పడానికే.

మొదటి పని: ప్రశ్నల్ని మూడు భాగాలు చేయండి

ఆ కాగితం తీసుకుని ఇంటికి వెళ్లి తీరిగ్గా చూడండి. మొదటి భాగంలో అసలు మిమ్మల్ని అడగనవసరం లేనివి పెట్టండి. పాత ఓపీ ఎన్ని రోజులు చెల్లుతుందో ఒకసారి తేల్చి కౌంటర్ దగ్గర బోర్డు రాయించండి. డీజిల్ సగానికి తగ్గగానే వాచ్‌మన్ కౌంటర్‌లో డబ్బు తీసుకుని పోయించుకు రావాలి, రసీదు ఇవ్వాలి. ఆయమ్మ రాకపోతే ఎవర్ని పిలవాలో పేర్లూ ఫోన్ నంబర్లూ సిస్టర్ల గదిలో అంటించండి.

రెండో భాగంలో వాళ్లే చేసి తర్వాత మీకు చెప్పాల్సినవి వస్తాయి. బిల్లులో తగ్గింపు ఇలాంటిదే. కౌంటర్‌లో కూర్చున్నవారు ఎంతవరకు తగ్గించవచ్చో, ఇన్‌చార్జి సిస్టర్ ఎంతవరకు తగ్గించవచ్చో రూపాయల్లో చెప్పండి. "పరిస్థితి చూసి చేయమ్మా" అంటే కుదరదు. అంకె చెప్పకపోతే ఎవరూ ధైర్యం చేయరు, మళ్లీ మీ దగ్గరికే వస్తారు. ఇచ్చిన అంకె లోపల వాళ్లు ఏం చేసినా తర్వాత తప్పు పట్టకూడదు. "వాళ్లకెందుకు తగ్గించావు, వాళ్లకి పది ఎకరాల చెరువుంది" అని ఒక్కసారి అన్నారంటే మీరిచ్చిన అధికారం అక్కడితో పోతుంది.

మూడో భాగం అన్నిటికన్నా ముఖ్యం. మీరు థియేటర్‌లో ఉన్నా, భోజనం చేస్తున్నా, అర్ధరాత్రి నిద్రలో ఉన్నా వెంటనే చెప్పి తీరాల్సినవి ఇందులో ఉంటాయి. పై బీపీ 90 కన్నా తగ్గడం, ఆక్సిజన్ శాతం పడిపోవడం, కాన్పు తర్వాత ప్యాడ్లు వెంటవెంటనే తడిసిపోవడం, ఫిట్స్, గుండెనొప్పితో వచ్చిన మనిషి, పాలు తాగడం మానేసిన పసిబిడ్డ. మీ ఆస్పత్రికి తగ్గట్టు ఇంకొన్ని కలుపుకోండి. తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి నర్సుల టేబుల్ ఎదుట గోడకు పెట్టండి. ఆ పట్టికలో ఉన్న దాని కోసం లేపితే కసురుకోకండి. "దీనికోసం లేపావా?" అన్న మాట ఆ ఒక్క సిస్టర్‌తో ఆగదు. మర్నాడు మధ్యాహ్నానికి అందరికీ తెలుస్తుంది. తర్వాత ఇంకెవరో, ఇంకో రాత్రి, "తెల్లారాక చెబుదాంలే" అనుకుంటారు. చూసి పడుకునే విషయమే అయినా "చెప్పడం మంచిదైందమ్మా" అని వెళ్లండి. జీతం పెంచినా రాని ధైర్యం ఆ మాటతో వస్తుంది.

రెండో పని: ఒక పనికి ఒకే యజమాని

మన వైపు చాలా ఆస్పత్రుల్లో కింద ఆస్పత్రి, పైన ఇల్లు. మేడం గారు క్యాష్ చూస్తారు. మావగారు మందుల షాపు చూస్తారు. బావమరిది బిల్డింగు, కరెంటు, కొనుగోళ్లు చూస్తాడు. ఇందులో తప్పేం లేదు, నమ్మకమైన మనుషులు ఉండటం అదృష్టమే. చిక్కల్లా ఎక్కడంటే, డ్యూటీ చార్టు సార్ వేస్తారు, మేడం గారు మారుస్తారు, మావగారు వార్డ్ బాయ్‌ని రొయ్యలు తెమ్మని మార్కెట్‌కి పంపుతారు. సరిగ్గా అప్పుడే పై అంతస్తు పేషెంటును స్ట్రెచర్ మీద దించాల్సి వస్తుంది.

ఇంట్లో వాళ్లంతా ఒక సాయంత్రం కూర్చుని పంచుకోండి. డ్యూటీలు, సెలవులు ఒకరు. డబ్బు ఒకరు. మందులు, సామాను ఒకరు. వైద్యానికి సంబంధించిన మాట డాక్టరు ఒక్కరిదే. ఎవరి పనిలో ఎవరికైనా లోపం కనబడితే పైకి వెళ్లాక చెప్పుకోవాలి, సిస్టర్ల ముందు కాదు. సార్‌కీ మేడం గారికీ మాట కలవలేదని స్టాఫ్‌కి తెలిస్తే, సెలవు కావాల్సినవాళ్లు ఎవరు మెత్తగా ఉంటే వాళ్ల దగ్గరికే వెళ్తారు. అందుకు వాళ్లను తప్పు పట్టలేం.

ఇంటి పనులకు వేరే మనిషిని పెట్టుకోండి. పిల్లల్ని స్కూల్లో దింపడం, కూరగాయలు తేవడం వార్డ్ బాయ్ పని కాదు. ఇది మర్యాదకు సంబంధించిన విషయం కూడా. ఆస్పత్రిలో చేరిన కుర్రాడు రోగి ప్రాణం కాపాడటంలో తనకూ చెయ్యి ఉందని అనుకుంటాడు. వాడి చేతికి సంచి ఇచ్చి పంపితే ఆ భావం పోతుంది.

ఇంకొకటి. ఒక మనిషిని దగ్గరకు తీసి మిగిలినవాళ్ల మీద కబుర్లు మోయించుకోకండి. చాడీలు వినే డాక్టరు దగ్గర పని తెలిసినవాళ్లు నిలవరు, చెప్పేవాళ్లే మిగులుతారు.

మూడో పని: డ్యూటీ మారే పది నిమిషాలు

ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది. మీ సమయాలు ఏవైనా, ఆస్పత్రిలో చాలా పొరపాట్లకు దారితీసేది ఈ పది నిమిషాలే. వెళ్లే అమ్మాయికి బస్సు టెన్షన్. వచ్చిన అమ్మాయి ఇంకా చీర మార్చుకుంటూ ఉంటుంది. వెళ్లే అమ్మాయి "అన్నీ ఓకే అక్కా, ఏం లేదు" అని వెళ్లిపోతుంది. ఆ "ఏం లేదు" వెనక చాలా ఉంటుంది.

టేబుల్ దగ్గర అప్పగింతలు మాన్పించండి. ఇద్దరూ కేసు షీట్ పట్టుకుని మంచం మంచానికీ నడవాలి. ప్రతి మంచం దగ్గరా నాలుగు మాటలు చెప్పాలి: ఈ మనిషి ఎవరు, ఎందుకు చేరారు, ఈ డ్యూటీలో ఏం జరిగింది, ఇంకా ఏం మిగిలింది. ఇలా ఉండాలి:

"నాలుగో బెడ్. నిన్న రాత్రి సిజేరియన్, రెండో కాన్పు. ఇవాళ పదింటికి క్యాథెటర్ తీశాం. ఇంకా యూరిన్ పాస్ కాలేదు. నాలుగింటిలోపు అవకపోతే సార్‌కి చెప్పాలి. పన్నెండింటి యాంటీబయోటిక్ ఇచ్చాను, తర్వాతది రాత్రి ఎనిమిదింటికి. డ్రెస్సింగ్ పొడిగానే ఉంది, చూడక్కా."

ఆ చివరి "చూడక్కా" తప్పనిసరిగా ఉండాలి. ఇద్దరూ కళ్లతో డ్రెస్సింగ్ చూడాలి, సెలైన్ సూది దగ్గర వాపుందేమో చూడాలి, యూరిన్ బ్యాగ్ ఉంటే ఎంతుందో చూడాలి. వచ్చిన అమ్మాయి "నాలుగింటిలోపు యూరిన్ పాస్ కాకపోతే చెప్పాలి" అని తిరిగి చెప్పాలి. మనవాళ్లు పెద్దవాళ్లు ఏం చెప్పినా గౌరవంగా "ఆయ్, అలాగేనండి" అనేస్తారు, అర్థమైనా కాకపోయినా. అందుకే అర్థమైందా అని అడగకండి, చెప్పింది మళ్లీ చెప్పించుకోండి. ఇది మీకూ వర్తిస్తుంది. రౌండ్స్‌లో గబగబా చెప్పేసి వెళ్లిపోకుండా, చివర్లో సిస్టర్‌ని చదవమనండి.

ఫోన్‌లో ఆర్డరు చెబితే ఇంకా జాగ్రత్త కావాలి. సిస్టర్ వింటూ రాసుకోవాలి, రాసింది చదవాలి, మీరు "అవును" అన్నాకే మందు చేతిలోకి తీసుకోవాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినబడతాయి. పదిహేను, యాభై అని తెలుగులో చెప్పండి, ఆ అనుమానమే రాదు. ఆస్పత్రికి వచ్చాక మొదట చేయాల్సిన పని ఆ ఆర్డరు కింద సంతకం.

మంచాలు అయ్యాక వస్తువులు. ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్, అట్రోపిన్, హైడ్రోకార్టిసోన్ లెక్క. ఆక్సిజన్ సిలిండర్ మీటరు. లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా. ఇన్సులిన్, ఆక్సిటోసిన్ పెట్టే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా. కరెంటు పోయి వచ్చే రోజుల్లో ఈ ఫ్రిజ్ లెక్క రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాయించండి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ మాత్రం మిగతా వాటితో కలిపి ట్రేలో ఉంచనివ్వకండి. వాటికి వేరే డబ్బా, వేరే తాళం.

ఈ పద్ధతి అలవాటయ్యేవరకు రోజూ ఒక మార్పిడి దగ్గర మీరో, ఇన్‌చార్జి సిస్టరో నిలబడాలి. మాట్లాడనక్కర్లేదు, నిలబడితే చాలు. వెళ్లే అమ్మాయికి బస్సు తప్పుతుందనుకుంటే డ్యూటీ సమయమే పావుగంట ముందుకు జరపండి. ఆఖరి బస్సు వదులుకుని పేషెంట్లను అప్పగించమంటే ఎవరూ చేయరు.

నాలుగో పని: తీసుకునేటప్పుడు, వెళ్లిపోయేటప్పుడు

నర్సుగా తీసుకునేవారికి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. వీళ్ల చదువూ చేయగలిగిన పనీ ఒకటి కాదు, డ్యూటీ వేసేటప్పుడు అది గుర్తుండాలి. రాత్రి డ్యూటీకి ఇద్దరూ కొత్తవాళ్లే పడకూడదు. మందుల షాపులో 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టే మందు ఇవ్వాలి. గోడకు సర్టిఫికెట్ ఉండి మనిషి లేకపోతే అది చట్టానికీ, రోగికీ ద్రోహమే.

ఇంటర్వ్యూలో "ఏమేం వచ్చు?" అని అడిగితే అన్నీ వచ్చంటారు. "ఏ పని చేయాలంటే మీకు ఇంకా భయం?" అని అడగండి. "చిన్నపిల్లలకి కాన్యులా పెట్టడం భయమండీ" అన్న అమ్మాయిని ధైర్యంగా తీసుకోండి. ఆమె తెలియనిదాన్ని అడిగి తెలుసుకుంటుంది.

చేరిన వారంలోనే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఖర్చు ఆస్పత్రిదే. సిస్టర్లతో పాటు ఆయమ్మలకు, చెత్త ఎత్తే మనిషికి కూడా. సూదులు వాళ్లకూ గుచ్చుకుంటాయి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని మనిషిని ఆపడం కొన్నిచోట్ల చూస్తాం. చేయకండి. మన డెల్టాలో మనుషులు వెళ్తారు. గల్ఫ్‌కి వెళ్తారు, ప్రభుత్వ నోటిఫికేషన్ పడితే వెళ్తారు, రాజమండ్రి, కాకినాడ కార్పొరేట్ ఆస్పత్రులకు వెళ్తారు, పెళ్లయి వెళ్తారు. వెళ్లే మనిషిని దొంగలా చూస్తే మిగిలినవాళ్లు చెప్పకుండా వెళ్లడం నేర్చుకుంటారు. నెల ముందు చెబితే అనుభవం సర్టిఫికెట్ అదే రోజు ఇస్తామనండి, ఇవ్వండి. ఆస్పత్రిలో ప్రతి పనీ ఇద్దరికి వచ్చేలా చూసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల ఆన్‌లైన్ పని ఒక్క అమ్మాయికే తెలిసి, ఆమె పెళ్లికి సెలవు పెడితే క్లెయిములన్నీ ఆగిపోయిన ఆస్పత్రులు ఉన్నాయి.

ఐదో పని: జీతం, అడ్వాన్సు

జీతం తేదీ ఒకటి పెట్టుకుని ఆ తేదీకి బ్యాంకులో వేసేయండి. "ఆరోగ్య పథకం డబ్బు ఇంకా పడలేదమ్మా" అని స్టాఫ్‌కి చెప్పకూడదు. ఆ ఆలస్యం మీది, వాళ్లది కాదు. పది మంది, అంతకు మించి పనిచేస్తున్న చోట నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవాళ్లకు ఈఎస్ఐ కట్టాలి: యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం. ఇరవై మంది, అంతకు మించి ఉంటే పీఎఫ్. ఈ డబ్బు దండగ అనుకునేవాళ్లు ఆయమ్మ ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసినప్పుడు ఈఎస్ఐ కార్డు ఏం చేస్తుందో చూడాలి.

అడ్వాన్సు అడగని మనిషి ఉండరు. జూన్‌లో స్కూలు ఫీజులు, చిట్టీ వాయిదా, ఇంట్లో శుభకార్యం. మొహం చూసి ఇస్తే అడగగలిగినవాళ్లకే అందుతుంది, బిడియపడేవాళ్లకు అందదు. ఏడాదికి ఒకసారి, ఒక నెల జీతం వరకు, ఐదు వాయిదాల్లో కోత. ఇలా రూలు పెట్టి పుస్తకంలో సంతకం చేయించుకోండి. అప్పుడు అడగడం అవమానం కాదు, ఇవ్వడం దయ కాదు.

పది మంది ఉన్నచోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలి, దాని అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి అయి ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. కాగితం మీద పేర్లు రాసి ఫైల్లో పెడితే సరిపోదు. రాత్రి డ్యూటీ అమ్మాయిలకు లోపల గడియ ఉన్న గది, వెలుతురున్న బాత్రూమ్, ఎవరైనా తాగి వచ్చి ఇబ్బంది పెడితే ఫోన్ చేయడానికి ఒక నంబరు. ఈ మూడూ లేకుండా నైట్ డ్యూటీకి మనుషులు దొరకడం లేదని అనుకోకూడదు.

ఆరో పని: వరద చార్టు, పండగ చార్టు

ఇది మన నేలకే ప్రత్యేకం. హైదరాబాదులో ఆస్పత్రి నడపడం నేర్పేవాళ్లు ఇది చెప్పరు.

స్టాఫ్ పేర్ల పట్టికలో ఒక గడి అదనంగా గీయండి: "ఏ నీళ్లు దాటి వస్తారు?" నరసాపురం ఆస్పత్రికి సఖినేటిపల్లి నుంచి వచ్చే అమ్మాయి పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి వస్తుంది. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య కూడా అంతే. లంక గ్రామాలవాళ్లు కాజ్‌వే మీదుగా వస్తారు, వరద వస్తే మొదట మునిగేది అదే. ఆ గడి నింపగానే మీకు ఒక సంగతి తెలుస్తుంది: ఒక డ్యూటీలో ఉన్న ముగ్గురూ నదికి అవతలివాళ్లే కావచ్చు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఏ డ్యూటీలోనూ అందరూ అవతలివాళ్లు పడకుండా చార్టు వేయండి.

తర్వాత ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం లెక్కతో మీ ఏర్పాట్లు ముడిపెట్టండి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇచ్చారంటే ఆ నీరు తర్వాత మన వైపే వస్తుంది. అప్పుడే ఆక్సిజన్ సిలిండర్లు, డీజిల్, పాము విషానికి ఇచ్చే మందు, సెలైన్లు లెక్క చూసి తెప్పించండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక: లంకల్లో ఉండే స్టాఫ్‌కి ఇన్‌చార్జి సిస్టర్ ఫోన్ చేసి ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అని రాసుకోవాలి. 13.75 అడుగులు, రెండో హెచ్చరిక: ఉండగలమన్నవాళ్లు రెండు జతల బట్టలతో ఆస్పత్రికి వచ్చేయాలి. వాళ్లకు పడుకోవడానికి గది, మూడు పూటలా భోజనం, అదనపు డ్యూటీకి అదనపు డబ్బు ముందే చెప్పాలి. 17.75 అడుగులు మూడో హెచ్చరిక. అప్పటికి చేయాల్సిన ఏర్పాటేమీ మిగిలి ఉండకూడదు.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతాను. రాలేనన్నవాళ్లను బలవంతపెట్టకండి, జీతం కోయకండి. వాళ్ల ఇంట్లోకి నీళ్లు వస్తుంటాయి. గేదెల్ని గట్టు మీదకు తోలాలి, ముసలివాళ్లను దాటించాలి. 2022 జూలై వరదల్లో లంకల్లో మనుషులు ఎంత అవస్థ పడ్డారో మనం చూశాం. నీళ్లు తీశాక ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లి చూసి రండి. ఆ మనిషి మీ ఆస్పత్రిని వదలదు.

సంక్రాంతికి మూడు రోజులు సెలవు కావాలని అందరూ అడుగుతారు, న్యాయమే. అయితే ఆ మూడు రోజులే మన దగ్గర కోడి కత్తి గాయాలు, తాగి బండి మీంచి పడినవాళ్లు, కనుమ రోజు ప్రభల తీర్థాల దగ్గర తొక్కిడిలో సొమ్మసిల్లినవాళ్లు వస్తారు. కుట్లు వేయడం తెలిసిన చేతులు కావాలి, గాయాల కేసుల్లో పోలీసులకు కబురు పంపడం, మెడికో లీగల్ రిజిస్టరు రాయడం తెలిసిన మనిషి కావాలి. కార్తీకం వెళ్లగానే పండగ చార్టు వేసేయండి. ఈ ఏడు భోగికి పనిచేసినవాళ్లకు వచ్చే ఏడు భోగికి సెలవు, అది గోడ మీద ఉండాలి. క్రిస్మస్‌కి, రంజాన్‌కి సెలవు కావాల్సిన వాళ్లుంటారు. వాళ్లు సంక్రాంతికి చేస్తామంటారు. అడిగితేనే తెలుస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు. నది ఒడ్డు ఊళ్లలో ఆస్పత్రి ఉన్నవాళ్లు ఆ పన్నెండు రోజుల చార్టు గురించి ముందు ఏడాది నుంచే ఆలోచించుకోవాలి.

ఏడో పని: పొరపాటు జరిగినప్పుడు

ఒకేలా కనిపించే రెండు ఆంప్యూల్స్ పక్కపక్కన ఉన్నాయి, సిస్టర్ ఒకటి బదులు ఇంకొకటి తీసింది, ఎక్కించే ముందు పక్క అమ్మాయి చూసి ఆపింది. మీకు చెబుతారా? చెబితే ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు కాబట్టి, ఆ అనుభవాన్ని బట్టే నిర్ణయిస్తారు. వార్డులో పేషెంటు బంధువుల ముందు అరిస్తే, లేదా జీతంలో వంద కోస్తే, రెండోసారి మీ చెవిన పడదు.

గదిలోకి పిలిచి కూర్చోబెట్టి మూడు అడగండి. ఏం జరిగింది? ఏం ఉండి ఉంటే జరిగేది కాదు? మనం ఇవాళ ఏం మార్చాలి? మారాల్సింది చాలాసార్లు సామాను అమరికే: ఆ రెండు మందులూ వేరే వేరే అరల్లో పెట్టడం, మూతికి రంగు టేపు వేయడం. అదే మనిషి అదే తప్పు తెలిసి తెలిసి చేస్తే, చూడని బీపీ చూసినట్టు షీట్ నింపితే, అది వేరు. దానికి రాతపూర్వకంగా హెచ్చరిక ఇవ్వండి, మళ్లీ జరిగితే పంపేయండి. ఈ రెండింటి తేడా మీకు తెలుసని స్టాఫ్ నమ్మాలి.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలో అందరికీ నోటికి రావాలి. నొక్కి రక్తం తీయకూడదు. సబ్బు, నీళ్లతో కడగాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ సూది ఏ పేషెంటుదో చూడాలి. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు అవసరమైతే వీలైతే రెండు గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. అందుకే "తిడతారేమో" అని దాచిపెట్టే పరిస్థితి ఉండకూడదు. చెత్త డబ్బాల సంగతి కూడా ఇక్కడే: 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్టు గుడ్డ పసుపులో, సెలైన్ గొట్టాలు, గ్లవుజులు ఎరుపులో, సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టడం అనే అలవాటు మాన్పిస్తే చాలా ప్రమాదం తప్పుతుంది.

ఎనిమిదో పని: గొడవ రోజు

పేషెంటు చనిపోయిన వార్త సిస్టర్ నోట చెప్పించకండి. డాక్టరే వెళ్లి, కూర్చుని, నీళ్లిచ్చి, ఇంటి పెద్దకు చెప్పాలి. పరిస్థితి దిగజారుతున్నప్పుడే గంట గంటకూ చెబుతూ ఉంటే చాలా గొడవలు రావు. అయినా వస్తే ఎవరు పోలీసులకు ఫోన్ చేయాలి, ఎవరు మిగతా పేషెంట్ల దగ్గర ఉండాలి, ఆడపిల్లలు ఏ గదిలోకి వెళ్లాలి అనేది ముందే చెప్పి ఉంచండి. వైద్య సిబ్బంది మీద దాడికి మన రాష్ట్రంలో 2008 చట్టం ఉంది: మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా. ఆ సంగతి తెలిపే బోర్డు హాల్లో ఉండాలి. దెబ్బ తిన్నది ఆయమ్మ అయినా ఫిర్యాదు ఆస్పత్రే ఇవ్వాలి, స్టేషన్‌కి మీరు కూడా వెళ్లాలి.

ఆర్ఎంపీల గురించి ఒక మాట. పల్లె నుంచి పేషెంటును తీసుకొచ్చిన ఆర్ఎంపీ గారిని మర్యాదగా చూడండి, వివరం అడిగి తెలుసుకోండి. ఆయన సిస్టర్లకు ఆర్డర్లు వేయడం, వరస దాటించడం మాత్రం ఒప్పుకోవద్దు. కమీషన్ ఇవ్వడం వైద్యవృత్తి నియమావళి 2002 నుంచీ నిషేధిస్తూనే ఉంది. కౌంటర్ అమ్మాయి చేత ఆ కవర్లు ఇప్పిస్తూ, ఆమెను నిజాయితీగా ఉండమని అడగలేం.

తొమ్మిదో పని: వారానికి అరగంట

ఓపీ తక్కువుండే ఒక మధ్యాహ్నం చూసుకుని, టీ తెప్పించి అందర్నీ కూర్చోబెట్టండి. ఉపన్యాసం వద్దు. ఒక కేసు చేసి చూపించమనండి. "కోతల్లో పాము కరిచిన మనిషి గేటు దగ్గర దిగాడు" అని మొదలుపెట్టి గడియారం చూడండి. స్ట్రెచర్ ఎవరు తెచ్చారు? కట్టిన తాడు గబుక్కున ఊడదీయకుండా డాక్టరు కోసం ఆగారా? పాము మందు ఎక్కిస్తుంటే ఒంటి మీద దద్దుర్లు లేచి ఆయాసం వస్తే అడ్రినలిన్ ఎక్కడుంది, పెద్దవాళ్లకు తొడ కండలో అర మిల్లీలీటరు అని ఎవరికి తెలుసు? రక్తం గడ్డ కడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్షకు గాజు ట్యూబ్ ఏది?

ఆ ట్యూబ్ దగ్గర కాసేపు ఆగండి. అది కొత్తదో, శుభ్రంగా పొడిగా ఉన్నదో అయి ఉండాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు. సబ్బు నీళ్లతో కడిగిన ట్యూబ్ అయితే గడ్డ కట్టాల్సిన రక్తం కూడా కట్టకపోవచ్చు, మీరు అవసరం లేకుండా పాము మందు ఎక్కిస్తారు. ట్యూబులు కడిగేది ఆయమ్మ. ఆమెకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు, చూడ్డానికి తళతళలాడేలా సబ్బుతో తోమి పెడుతుంది. అందుకే ఈ అరగంటకు ఆయమ్మలు, వాచ్‌మన్, కౌంటర్ అమ్మాయి అందరూ రావాలి. వెనక బెంచీ మీద కాదు, సిస్టర్ల పక్కనే కూర్చోవాలి. "నీకేం అనిపించిందమ్మా?" అని మొదట ఆయమ్మను అడగండి, తర్వాత చిన్న సిస్టర్‌ని, చివర్లో మీరు మాట్లాడండి. మీరు ముందు మాట్లాడితే మిగిలినవాళ్లంతా తల ఊపుతారు. తేలిన రెండు మూడు విషయాలు పుస్తకంలో రాసి, ఎవరు ఎప్పటిలోగా చేయాలో పేరు పెట్టండి. మరుసటి వారం ఆ పేజీ చదివాకే కొత్త కేసు మొదలుపెట్టండి.